రెక్కకి కట్టిన చీటీ

కెప్టెన్ ఎర్ర బొమ్మ విమానం గాల్లో ఉన్నది మహా అయితే పదకొండు సెకన్లు. రన్‌వే మీద తోక లేపుకుని దర్జాగా పరిగెత్తింది, నేల వదిలింది, మనిషి ఎత్తున లేచింది. పక్కగాలికి కుడిరెక్క కాస్త వాలింది. అది ఎప్పుడూ ఉండేదే. చేతిలో ఉన్న, విమానాన్ని నడిపే రేడియో మీది చిన్న కర్రని ఎడమకి నెడితే రెక్క మళ్లీ సమానమవుతుంది. కెప్టెన్ నెట్టాడు. రెక్క ఇంకా వాలింది. ఇంకా గట్టిగా నెట్టాడు. విమానం వెల్లకిలా తిరిగి, రన్‌వే వదిలేసి, కార్లు ఆపుకునే వైపు దూసుకొచ్చింది.

అక్కడ గడ్డి కోసే పెద్దాయన తన యంత్రం ఆపుకుని నిలబడి చూస్తున్నాడు. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు కాబట్టి బతికిపోయాడు. విమానం ముక్కు నేలలో దిగబడింది, రెక్క ఫెళ్లున విరిగింది, విరిగిన చెక్క ఆయన ముంజేతిని మోచేతి దాకా చీరేసింది.

ఇంకా ఎవరి కాళ్లూ కదల్లేదు గానీ కెప్టెన్ నోరు కదిలింది.

"గాల్లోనే రెక్క ఊడింది. నేను చూశా. జిగురు వదిలేసింది."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆ రెక్క అతికించింది ఆవిడే మరి. నెల కిందట కెప్టెన్ దాన్ని కంచెకి గుద్దేస్తే, ముక్కలైన రెక్కని ఇంటికి పట్టుకెళ్లి, పదిహేను సాయంత్రాలు దాని ముందు కూర్చుని, ముందు రోజే తెచ్చి ఇచ్చింది.

మైదానంలో ఆవిడని పళ్ల డాక్టరమ్మ అంటారు. డాక్టరూ కాదు, పాడూ కాదు. కట్టుడు పళ్లు తయారుచేసే లాబ్‌లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తోంది. ఆ మాటకొస్తే కెప్టెనూ కెప్టెన్ కాదు. బీమా ఆఫీసులో రిటైరైన మనిషి. అసలు విమానం ఎక్కింది రెండుసార్లు, రెండుసార్లూ కిటికీ పక్క సీటు కోసం పక్కవాడితో గొడవ పెట్టుకున్నాడని చెప్పుకుంటారు. అయితే బొమ్మ విమానాలు ఎగరెయ్యడంలో ఆయనకి ముప్పై ఏళ్ల అనుభవం. క్లబ్బుకి అధ్యక్షుడు. ఆయన చూశానంటే మిగతావాళ్లు తాము కూడా చూశామనే అనుకుంటారు.

ఆవిడ నిజంగానే చూసింది. జిగురు వదిలితే రెక్క మధ్యకి మడతపడాలి. ఇది మడతపడలేదు. నేలని తాకేదాకా ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా ఉంది. ఆ మాట చెబుదామని నోరు తెరిచింది గానీ, పెద్దాయన చేతి నుంచి రక్తం గడ్డి మీద పడుతుంటే జిగురు గురించి మాట్లాడటం ఏం మర్యాద. పరిగెత్తుకెళ్లి మెళ్లో ఉన్న తువ్వాలు తీసి ఆయన చేతికి బిగించి కట్టింది. కెప్టెన్‌కి సాయంగా ఉండే డ్రైవరు పెద్దాయన్ని కారెక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చేసరికి ఇక్కడ తీర్పు అయిపోయింది.

"చూడమ్మా," అన్నాడు కెప్టెన్, "నీ మీద కోపంతో అనట్లేదు. వచ్చే ఆదివారం సమావేశం పెడదాం. నిబంధన నీకూ తెలుసు. ఒకరి అజాగ్రత్త వల్ల ఇంకొకరి ఒంటికి దెబ్బ తగిలితే, ఆ మనిషి ఏడాది పాటు మైదానంలో అడుగు పెట్టకూడదు. అప్పటిదాకా ఏదీ ఎగరెయ్యకు, ఎవరి రెక్కా ముట్టుకోకు."

"రెక్క ఊడలేదు సార్."

"ముప్పై ఏళ్లుగా ఎగరేస్తున్నానమ్మా," అన్నాడాయన. అంతే, అదే జవాబు.

విమానం ముక్కల్ని చెత్త డ్రమ్ములో పడేయబోతుంటే ఆవిడ అడ్డం వెళ్లింది. గోనెసంచి తెరిచి, ఒక్క పుల్ల కూడా వదలకుండా గడ్డిలోంచి ఏరుకుంది. ఎవరూ సాయం రాలేదు. చూస్తూ మాత్రం నిలబడ్డారు.

*

"నిన్న ఒక్క రెక్కేగా వెళ్లింది," అన్నారు అత్తగారు సంచిలోకి తొంగిచూసి. "ఇవాళ విమానం మొత్తం వచ్చేసిందే."

"కూలింది అత్తయ్యా. నా జిగురు వల్లేనంటున్నారు."

అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. అత్తగారి మాట పదును, చూపు ఇంకా పదును. "నువ్వు పెట్టిన పళ్లు నా నోట్లో తొమ్మిదేళ్లుగా ఉన్నాయి. చెరుకు నమిలినా కదల్లేదు. వాడి రెక్క ఎందుకు ఊడుతుందట?"

"ఆ ముక్క సమావేశంలో మీరొచ్చి చెబుదురు గాని."

"వస్తా. పళ్లు తీసి బల్ల మీద పెట్టి మరీ చెప్తా."

నవ్వొచ్చింది గానీ నవ్వు నిలవలేదు. ఆవిడ చూపు బీరువా మీదకి పోయింది. అక్కడ తెల్లటి విమానం ఉంది. ఇంజనూ ఏమీ లేదు, గాలి మీద తేలేది. ఎవరి నమూనా చూసీ చేసింది కాదు, గీతలు తనే గీసుకుని, రెక్కలకి పక్కటెముకలు తనే కోసుకుని రెండేళ్లుగా కడుతోంది. ఈ నెలలోనే మొదటిసారి ఎగరెయ్యాలని అనుకుంది. ఈ ఊరికి ఉన్నది ఒక్క మైదానం. ఏడాది రావద్దంటే ఏడాది అది బీరువా మీదే. నలభై నాలుగేళ్ల మనిషికి ఆదివారం పొద్దున తనదంటూ ఉన్నది అదొక్కటే. దాన్ని కూడా చెయ్యని తప్పుకి లాక్కుంటే ఒళ్లు మండదా.

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ లాబ్‌లో అందరూ డబ్బాలు తెరుచుకున్నారు. ఆవిడ తన బల్ల మీదున్న మైనం, పళ్ల అచ్చులు పక్కకి నెట్టి, సంచిలోంచి తను అతికించిన చోట విరిగిన రెక్క ముక్క తీసింది. పళ్ల అంచులు చూసుకునే భూతద్దం దీపాన్ని దాని మీదకి వంచింది.

అతుకు వదిలితే రెండు ముఖాలూ నున్నగా మెరవాలి. ఇక్కడ మెరుపు లేదు. జిగురు పొర నిండా చెక్క పీచులు నిలబడి ఉన్నాయి. అంటే జిగురు పట్టు వదల్లేదు, దాని పక్కనున్న చెక్కే చిరిగిపోయింది. ముందుభాగం, వెనకభాగం, పైబద్ద, కిందిబద్ద, నాలుగు చోట్లా అంతే. ఆవిడ ఒక్కో చోటా గోరుతో గీరి చూసింది, మళ్లీ అద్దం కింద పెట్టింది, మళ్లీ గీరింది.

"ఎవరిదే ఆ దవడ?" అంది పక్క బల్లామె.

"కెప్టెన్‌ది," అంది ఆవిడ. ఆ పూట తినడం మర్చిపోయింది గానీ కడుపు నిండిపోయింది.

*

అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆగే మనిషి కాదు. జిగురు కాకపోతే మరి ఏమిటి అన్నది బుర్రలో దూరింది. మంగళవారం సాయంత్రం భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, ముక్కలన్నీ వాటి వాటి చోట్ల పేర్చడం మొదలుపెట్టింది. భర్త నీళ్ల పంపుల స్టేషన్లో షిఫ్టుకి వెళ్లాడు. అత్తగారు అవతలి గదిలో రేడియో వింటున్నారు.

రెక్క మధ్యలో సర్వో ఉంటుంది. అగ్గిపెట్టంత మోటారు. రెక్కల వెనక అంచున ఉండే రెండు పలకల్నీ అదే తీగలతో లాగుతుంది. ఎడమ పలక లేస్తే కుడిది దిగుతుంది, విమానం ఎడమకి వాలుతుంది. ఆవిడ దాని చుట్టూ ఉన్న చెక్కపొడి బ్రష్‌తో తుడిచింది. తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

సర్వో బోర్లా ఉంది.

బోర్లా ఎందుకుందో ఆవిడకి తెలుసు. తనే బిగించింది. శనివారం పొద్దున, ఇక తీసుకెళ్లి ఇద్దామనుకుంటుండగా, సర్వో కూర్చునే చెక్క మీద వెంట్రుకంత బీట కనిపించింది. పైనుంచి బిగిస్తే ఆ బీట పెరుగుతుంది. అందుకని కింద కొత్త చెక్క ఆనించి, సర్వోని తిరగేసి బిగించింది. తిరగేస్తే అది తిరిగే దిక్కూ మారుతుంది. అది కూడా గుర్తుంది. తన రేడియోకి తగిలించి చూస్తే పలకలు ఉల్టా కదిలాయి. తన రేడియోలో దిక్కు మార్చే మీట నొక్కింది. సరిగ్గా కదిలాయి. తృప్తిగా దుప్పట్లో చుట్టింది.

కానీ ఎగరేసేది తన రేడియోతో కాదు కదా. కెప్టెన్ రేడియోతో. ఆయన తన రేడియోని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. అందులో ఆ మీట పాత దిక్కునే ఉంది. ఆ సంగతి ఆయనకి చెప్పాల్సింది ఆవిడే.

చీటీలో రాసే ఉంటాననుకుంది. బాగుచేసిన ప్రతి రెక్కకీ ఆవిడ చీటీ కడుతుంది. అది లాబ్ అలవాటు. ప్రతి పళ్ల సెట్టుకీ ఏం మార్చాం, ఎంత అరగదీశాం అని రాసి కట్టాల్సిందే, లేకపోతే పెట్టే డాక్టరు నోట్లో పెట్టి తికమకపడతాడు. చీటీ ఇంకా రెక్క కిందే ఉంది, మరకి దారంతో కట్టి. విప్పి చదివింది. బద్దలు రెండూ కొత్తవి. జిగురు రెండు రోజులు ఆరింది. పై పొర కుడివైపు మార్చాను. పలకల కీళ్లు ఆరు కొత్తవి. అంతే. తేదీ శుక్రవారానిది.

పని అయ్యాక రాయాల్సిన చీటీ ఒక రోజు ముందే రాసేసింది. శనివారం తొందరలో దాన్ని మళ్లీ విప్పలేదు.

ఆవిడ లేచి నీళ్లు తాగింది. మళ్లీ కూర్చుంది. బ్యాటరీ తగిలించి, తన రేడియోలో మీటని పాత దిక్కుకి తిప్పి, కర్రని ఎడమకి నెట్టింది. కుడివైపు మిగిలిన పలక ముక్క లేచింది. ఇంకోసారి నెట్టింది. మళ్లీ అదే లేచింది. కెప్టెన్ ఎడమకి నెట్టినకొద్దీ విమానం కుడికి ఎందుకు వాలిందో ఇప్పుడు అర్థమైంది. పెద్దాయన చెయ్యి ఎందుకు చీరుకుందో కూడా.

సర్వోని పట్టి ఉన్నవి నాలుగు మరలు. విప్పి, వెల్లకిలా పెట్టి, మళ్లీ బిగిస్తే ఐదు నిమిషాల పని. ఇది ఎవరికీ తెలీదు. కెప్టెన్ రెక్కలోకి తొంగి కూడా చూడలేదు. స్క్రూడ్రైవర్ తీసి మొదటి మర మీద పెట్టింది. అర తిప్పు తిప్పింది. అక్కడ ఆపింది.

"ఏమన్నా దొరికిందా అమ్మాయ్?" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

"జిగురు కాదని తేలింది అత్తయ్యా."

"నేను చెప్పలా," అని అత్తగారు నీళ్లు తీసుకుని వెళ్లిపోయారు.

ఆవిడ మరని మళ్లీ బిగించింది. అత్తగారితో చెప్పింది అబద్ధం కాదు. అబద్ధం కాదు కదా అని తనకి తనే నాలుగుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

*

బుధవారం పొద్దున లాబ్‌కి వెళ్లే దారిలో పెద్దాయన ఇంటి దగ్గర దిగింది. ఆయన అరుగు మీద కూర్చుని, కట్టు ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో గడ్డి యంత్రం తాడు లాగుతున్నాడు. అది స్టార్ట్ కావట్లేదు.

"ఎన్ని కుట్లు పడ్డాయి?"

"పద్నాలుగు తల్లీ. వేళ్లు ఆడుతున్నాయిలే." ఆడించి చూపించాడు. చిటికెన వేలు ఆడలేదు. చూడనట్టే ఊరుకున్నాడు. "జిగురంటగా?"

ఆవిడ యంత్రం మీద కాలు వేసి, తాడు పట్టుకుని లాగింది. రెండో లాగుకి స్టార్ట్ అయింది. ఆ చప్పుడులో ఇద్దరూ ఇంకేం మాట్లాడుకోనక్కర్లేకపోయింది. ఆయన తల ఊపాడు, ఆవిడ బయటపడింది.

గురువారం డ్రైవరు వచ్చాడు. బడి బస్సు నడుపుతాడు. పిల్లల్ని దించేసి ఖాళీ బస్సు లాబ్ ముందు ఆపి హారన్ కొట్టాడు. మైదానంలో కెప్టెన్‌కి కుడిభుజం. ఇంజన్ స్టార్ట్ చేసేది, తోక పట్టుకునేది, కూలితే ముక్కలు ఏరేది అన్నీ అతనే. దానికి బదులుగా కెప్టెన్ వారానికోసారి తన పాత విమానం అతనికి పది నిమిషాలు ఇస్తాడు. ఆ పది నిమిషాల కోసం ఆరు రోజులు బస్సు తోలే మనిషి.

"అక్కా, నీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు. మెట్టు మీద కూర్చున్నాడు గానీ కాళ్లు నిలకడగా లేవు. "నీ జిగురు కాదేమో."

"కాదు. చూశాను."

"నేనే చేశాననుకుంటున్నా."

"నువ్వేం చేశావు?"

ఎగరేసే ముందు ఒకరు తోక వెనక నిలబడాలి. అది క్లబ్బు పద్ధతి. రేడియో పట్టుకున్నవాళ్లు కర్రని ఎడమకి నెట్టి "ఎడమ" అంటారు. వెనకవాళ్లు విమానం ఎడమ పలక లేచిందో లేదో చూసి "లేచింది" అని పైకి చెప్పాలి. తర్వాత కుడి. దిక్కు మారిపోతే అక్కడే దొరికిపోతుంది. ఆ ఆదివారం డ్రైవరు వెనక లేడు. ముక్కు దగ్గర వంగి ఇంజన్‌కి పెట్రోలు పడుతున్నాడు.

"లేచి వెనక్కి వస్తున్నా. అక్కణ్ణుంచే చెప్పవయ్యా, ఎండెక్కుతోంది అన్నాడు కెప్టెన్ సార్. సరే అని ముందు నుంచే చెప్పా. ఆయన ఎడమ అన్నాడు. నాకు ఎడమచేతి వైపున్న పలక లేచింది. లేచింది సార్ అన్నా." రెండు చేతులూ రెక్కల్లా చాచి, ఆవిడకి ఎదురుగా నిలబడి చూపించాడు. "ఎదురుగా నిలబడితే నా ఎడమ దాని కుడి కదక్కా. నాలుగు రోజులుగా ఇదే లెక్క. అది ఉల్టా తిరుగుతుంటే సరిగ్గా ఉందని చెప్పింది నేనేనేమో. కానీ ఉల్టా ఎందుకు తిరుగుతుంది? ఎవరూ ముట్టుకోకుండా అలా ఎందుకవుతుంది? అదే అంతుపట్టట్లా."

ఇక్కడ ఆవిడ చెప్పాలి. అతను అడిగినదానికి జవాబు ఆవిడ ఇంట్లో భోజనాల బల్ల మీద ఉంది. చెప్పలేదు.

"జిగురు కాదని ఆదివారం చూపిస్తాను," అంది. "నువ్వేం కంగారుపడకు తమ్ముడూ."

"ముందు నిలబడ్డానని చెప్పమంటావా?"

"అడిగితే చెప్పు."

అతను బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. లోపలికొచ్చి ఆ మధ్యాహ్నం ఒక పళ్ల వరసని మూడుసార్లు పేర్చింది, మూడుసార్లూ వంకరే వచ్చింది.

*

ఆదివారం రేకుల షెడ్డులో పదకొండు మంది కూర్చున్నారు. పెద్దాయన కూడా వచ్చి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ అతుకులున్న రెక్క ముక్కనీ భూతద్దాన్నీ బల్ల మీద పెట్టింది.

"ముందు దీన్ని చూడండి. తర్వాత నన్ను చూద్దురు గాని."

కెప్టెన్ చూసి పెదవి విరిచాడు. అద్దం వడ్రంగి చేతికి వెళ్లింది. కుర్చీలు, తలుపులు చేసే మనిషి. ఆయన అద్దం పక్కన పెట్టేసి, ముక్కని వెలుతురుకి ఎత్తి, బొటనవేలితో తడిమాడు. షెడ్డులో గాలికి రేకు టకటకమంటోంది. ఆయనకి తొందర లేదు.

"జిగురు వదల్లేదు," అన్నాడు. "చెక్క చిరిగింది. నేలకి కొట్టుకుని విరిగిందే గానీ గాల్లో ఊడింది కాదు. చెల్లెమ్మ పనికి వంక పెట్టడానికి లేదు."

"మరి ఊడటం చూశానన్నారే," అన్నారెవరో కెప్టెన్‌తో.

"కంగారులో అనిపించిందయ్యా." ఆయన గొంతు సవరించుకున్నాడు. మొహం కందింది గానీ తడబడలేదు, ముప్పై ఏళ్లు ఊరికే అధ్యక్షుడిగా లేడు. "సరే, జిగురు కాదు. కానీ నేను ఎడమకి నెడితే అది కుడికి పోయింది. దిక్కు మారి ఉంది. దిక్కు చూసి చెప్పిందెవరు?"

అందరి తలలూ డ్రైవరు వైపు తిరిగాయి.

"నేనే సార్."

"ఎక్కడ నిలబడి?"

డ్రైవరు ఒక్కసారి ఆవిడ వైపు చూశాడు. "ముక్కు దగ్గర," అన్నాడు.

షెడ్డంతా నిట్టూర్చింది. వీళ్లకి ఇంక విడమరిచి చెప్పనక్కర్లేదు. ముందు నిలబడి చూస్తే ఏమవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. కెప్టెనే అక్కణ్ణుంచి చెప్పమన్నాడని డ్రైవరు అంటాడేమోనని ఆవిడ ఎదురుచూసింది. అతను అనలేదు. వారానికి పది నిమిషాలు ఇచ్చిన మనిషిని నలుగురిలో ఎలా అంటాడు.

"అయితే తేలిపోయింది," అన్నాడు కెప్టెన్. "ఈవిడ మీద ఏమీ లేదు. చూడమ్మా, నా నీలం విమానానికి తోక పని ఉంది, సాయంత్రం పంపిస్తా. డ్రైవరు సంగతి నిబంధన ప్రకారమే. ఏడాది. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

ఆవిడకి సంతోషం వేసింది. అలా వేసినందుకు సిగ్గుపడాలని కూడా ఆ క్షణానికి తట్టలేదు. బీరువా మీది తెల్ల విమానం కళ్ల ముందు లేచింది, ఎండలో తేలింది, ఒక చుట్టు తిరిగింది. తర్వాత చూసింది. అందరికంటే ముందు లేచిన చెయ్యి డ్రైవరుదే. తనకి తానే ఏడాది వేసుకుంటూ, ఎటూ చూడకుండా, చెయ్యి తిన్నగా పైకెత్తి కూర్చున్నాడు.

"ఆగండి," అంది ఆవిడ.

చేతులు సగంలో ఆగాయి.

"దిక్కు మార్చింది నేను. చెక్క బీటేసి ఉంటే సర్వోని బోర్లా బిగించాను. చీటీలో రాయలేదు. చీటీ శుక్రవారం రాశాను, ఆ పని శనివారం చేశాను. మంగళవారమే కనిపెట్టాను, ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు. గురువారం ఇతను వచ్చి అడిగితే ఇతనికీ చెప్పలేదు." సంచిలోంచి సర్వో ఉన్న ముక్క తీసి బల్ల మీద పెట్టింది. "మరలు అలాగే ఉన్నాయి. చూసుకోవచ్చు."

ఎవరూ దాన్ని చూడలేదు, ఆవిడనే చూశారు. డ్రైవరు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది గానీ వేళ్లు ముడుచుకున్నాయి. అతని మొహంలో ముందు అర్థమవడం, తర్వాత బాధ కనిపించాయి. ఆ బాధ ఆవిడ మీదే, అందులో అనుమానం లేదు.

"ఎంత పని చేశావమ్మా," అన్నాడు కెప్టెన్. గొంతులో నిజంగానే నొచ్చుకున్న ధ్వని ఉంది. "నాకు ఒక్క మాట చెబితే మీట తిప్పుకునేవాణ్ని. సరే, ఇద్దరూ అన్నమాట. ముందు నీది. ఏడాది. ఒప్పుకునేవాళ్లు."

ఒక్కో చెయ్యీ లేచింది. వడ్రంగి చివర్న ఎత్తాడు, బరువుగా. ఆవిడ కూడా ఎత్తింది. ఎత్తుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"డ్రైవరుది."

మళ్లీ చేతులు. ఆవిడ ఎత్తిన చెయ్యి దించలేదు.

"అయిపోయింది. ఇద్దరూ వచ్చే ఏడాది ఇదే నెలలో..." అంటూ కెప్టెన్ పుస్తకం తెరిచాడు.

"ముగ్గురమండీ," అంది ఆవిడ. "అక్కణ్ణుంచే చెప్పు, ఎండెక్కుతోంది అన్నదెవరో చెప్పు తమ్ముడూ."

డ్రైవరు నేల చూశాడు. చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది, ఎందుకంటే కెప్టెన్ కలం పుస్తకం మీద ఆగిపోయింది. ఎవరి పేరు తల్చుకుని చెయ్యెత్తాలో అందరికీ తెలిసి కూడా ఎవరి చెయ్యీ లేవలేదు. గుమ్మం పక్కన పెద్దాయన కట్టు ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఎవర్నీ ఏమీ అనకుండా కెప్టెన్ వైపు చూస్తున్నాడు.

ఆవిడ చెయ్యి ఒక్కటే పైన ఉంది. భుజం లాగుతోంది. ఇంకో చేత్తో కళ్లు తుడుచుకుంది.

"దించమ్మా," అన్నాడు కెప్టెన్ నెమ్మదిగా.

"మీరెత్తాక దించుతానండీ."

ఆయన పుస్తకం మూశాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. వడ్రంగి వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, చివరికి పెద్దాయన వైపు చూడాల్సి వచ్చింది. చెయ్యి బల్ల మీంచి లేచింది. భుజం దాకా వచ్చింది, అంతకంటే పైకి పోలేదు. అది చాలనుకుని ఆవిడ తన చెయ్యి దించింది.